పీపా మీద సుద్దగీత

మా ఆయనకు బీరు కొనుక్కుని తాగితే రుచించదు, ఇంట్లోనే పులియబెట్టాలి. క్రిస్మస్‌కు మా అమ్మ జాడీలో ద్రాక్షరసం పెట్టడం చూసి పట్టిన పిచ్చి అది. మొలకెత్తించిన బార్లీ, బెల్లం, బేకరీలో బతిమాలి తెచ్చిన ఈస్టు. దాన్ని ఆయన బీరనేవాడు, నేను పులిసిన గంజి అనేదాన్ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, పాల్వంచలో కరెంటు ప్లాంటు క్వార్టర్లలో ఉండేవాళ్లం. ఆయన ఫిట్టరు.

సీసాలు పేలిపోతున్నాయని ఖమ్మంలో పాత సామాన్ల దుకాణం నుంచి రెండు స్టీలు పీపాలు తెచ్చాడు. ఎక్కడో బీరు పోసి వాడి పడేసినవి. "దుకాణం భాయ్ చెప్పిండు, లోపట ఇంకా గ్యాస్ ఉంటదట. జర పైలం," అన్నాడు. పీపా మూతిలో ఒక బిళ్ల ఉంటుంది. ముందు దాన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి గ్యాస్ వదిలేయాలి. ఆ తర్వాతే బిళ్ల చుట్టూ బిగించిన రింగు పీకి, అది పట్టి ఉంచే లోపలి గొట్టం తీసి కడగాలి. గ్యాస్ ఉండగా రింగు పీకితే ఆ గొట్టం ఎగిరొచ్చి, మీదికి వంగిన మనిషికి ముఖం మిగలదు.

శనివారం మధ్యాహ్నం ఒక పీపాలో గ్యాస్ వదిలాడు. రెండోది మొదలుపెట్టేలోపే డ్యూటీ బస్సు హారన్ కొట్టింది. వదిలినదాని మీద సుద్దతో అడ్డంగా గీత గీశాడు. "గీత ఉన్నదాంట్ల గ్యాస్ లేదు. రెండోదాని జోలికి పోకు," అని ఉరికాడు.

పోకూడదనే అనుకున్నాను. కానీ ఎవరెవరి ఎంగిలో పట్టిన సామానును కడగకుండా గడప దాటించడం మా ఇంట్లో లేదు. చింతపండూ బూడిదా కలిపి, పీచుతో రెండింటినీ తళతళలాడేలా తోమాను. దొర్లించుకెళ్లి ఎండలో పెట్టాను. కొంగుతో చేతులు తుడుచుకుంటుంటే గీత గుర్తొచ్చింది. గీత లేదు. రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. ఏది ఏదో ఎంత చూసినా తెలియలేదు.

తన పనిలో వేరేవాళ్లు వేలు పెడితే ఆయనకు ఒళ్లు తెలియదు. క్వార్టర్ల లైనంతా వినబడేలా అరుస్తాడు. ఆ అరుపుకు భయపడి సుద్దముక్క తీసుకున్నాను. గోడ పక్కనున్నదాని మీద గీత గీశాను. అదే అయ్యుంటుందని అనుకుని గీశానంటే అబద్ధమవుతుంది. ఏదో ఒకదాని మీద గీశానంతే.

ఆ రాత్రి ఆయన గురక పెడుతుంటే ఆ ముఖమే చూస్తూ పడుకున్నాను. ఆదివారం చర్చిలో ఫాదర్ చెప్పినదాంట్లో ఒక్క ముక్క చెవికెక్కలేదు. ఇంటికెళ్లే దారిలో చెబుదామనుకున్నాను. దారి పొడుగునా ఆయన హుషారుగా బార్లీ గురించే మాట్లాడాడు. సరే, ఇంటికెళ్లాక చెబుదామనుకున్నాను.

పెరట్లో పీపాలను చూసి మురిసిపోయాడు. "అబ్బో, పెళ్లిపిల్లల లెక్క చేసినవ్. గీత ఇడిసిపెట్టి తోమినవ్ సూడు, తెలివిగల్లదానివే," అన్నాడు. ఇక ఏ నోటితో చెప్పను?

గీత ఉన్న పీపాను మోకాళ్ల మధ్య బిగించి, మీదికి వంగాడు. రింగు సందులో స్క్రూడ్రైవర్ మొన దూర్చాడు. చెప్తే తిడతాడు, చెప్పకపోతే చస్తాడు. ఇంత తేలికైన లెక్క ఆ క్షణాన నాకు తెగలేదు. రింగు అంచు కదిలింది.

"ఆగయ్యా! ఒక్కసారి ఆ బిళ్ల నొక్కరాదు!"

"నిన్ననే తీసిన గదనే."

"నీకు దండం పెడ్త, మళ్ల నొక్కు. నాకు భయమైతున్నది."

"ఏందే, గట్ల వణుకుతున్నవ్?" అని నవ్వాడు. నా తృప్తి కోసం మూతి మీద గుడ్డ వేసి, ముఖం పక్కకు తిప్పి నొక్కాడు.

బుస్సుమంది. ఎంతసేపటికీ ఆగలేదు. ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"నేనే తప్పు గీసిన," అన్నాడు చివరికి. "బస్సు తొందర్ల దీని మీద గీసిన. నువ్వు ఆపకపోతే నా మొఖం పోతుండె."

నేను ఏడ్చాను. మొగుడి మీది ప్రేమ అనుకున్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు, చెప్పలేదు.

ఈ కథ ఆయన చుట్టాలందరికీ చెప్పాడు. దేవుడే కోడలి నోట పలికించాడని మా అత్తమ్మ నాకు చీర పెట్టింది. సిగ్గు లేకుండా కట్టుకున్నాను. ఆయన మాత్రం డ్యూటీలో ఏ పైపు మీద గుర్తు పెట్టినా పక్కవాణ్ని పిలిచి, "జర సూడు తమ్మీ, సరిగ్గనే గీసిననా?" అని అడిగేవాడట. చేతిపనిలో ఆయనకు సాటి లేదని పేరున్న మనిషి, రిటైరయ్యేదాకా తన గీతను తాను నమ్మలేదు. అది నా గీత అని నేనింకా చెప్పలేదు.