గెలిపించి వెళ్ళిపోయే బాబాయి

మా బాబాయి ఎవరి పక్షాన నిలబడితే వాళ్ళు గెలిచేదాకా నిద్రపోడు. గెలిచిన మరుక్షణం లేచి వెళ్ళి ఓడినవాళ్ళలో కలిసిపోతాడు.

అభిప్రాయాలు మార్చుకునేవాళ్ళకు లోకంలో కొదవ లేదు. వాళ్ళంతా ఓడే పక్షం నుంచి గెలిచే పక్షానికి వెళతారు. దాన్ని లౌక్యం అంటారు. మా బాబాయి నడిచేది సరిగ్గా ఎదురుదిశలో. దానికి ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టలేదు గానీ, బాబాయికి మాత్రం మా చర్చివాళ్ళు 'తిరగలి' అని పెట్టేశారు.

సోఫాలూ కుర్చీలూ బాగుచేయడం ఆయన పని. చర్చి వెనక వీధిలో కొట్టు. పని చేస్తున్నంతసేపూ నోట్లో చిన్న మేకులు పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి కొడుతుంటాడు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే సంఘం మీటింగుకి కూడా మేకులు నోట్లో ఉంచుకునే వచ్చేవాడు. మాట్లాడాలనిపించినప్పుడు వాటిని తీసి జేబులో వేసుకునేవాడు. బాబాయి చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళిందంటే చాలు, పాస్టరుగారు కుర్చీలో వెనక్కి జారిపోయేవారు.

ఒకసారి ఆదివారం ఆరాధన ఎనిమిదికా, తొమ్మిదికా అని పెద్ద చర్చ. తెల్లవారుజామున పనికి వెళ్ళే పాలకేంద్రం వాళ్ళు తొమ్మిది అన్నారు. బాబాయి ఎనిమిది అన్నాడు. ఎండ గురించి, పిల్లల ఆకలి గురించి, తొమ్మిదికి మొదలైతే నిద్రపోయేవాళ్ళ గురించి పేర్లతో సహా చెప్పాడు. ఎనిమిదే ఖాయమైంది. ఆ ఆదివారం అందరూ ఎనిమిదికి వచ్చారు, బాబాయి తప్ప. తొమ్మిదికి పాలకేంద్రం వాళ్ళు తలలు దించుకుని వెనక తలుపులోంచి వస్తుంటే, వాళ్ళ మధ్యలో వాళ్ళకంటే ఎక్కువ ముఖం మాడ్చుకుని వచ్చాడు.

ఆరాధన అయ్యాక పాస్టరుగారు పట్టుకున్నారు. "ఎనిమిది అన్నది మీరే కదండీ?"

"అన్నాను."

"మరి తొమ్మిదికి వచ్చారేం?"

"పాలకేంద్రం వాళ్ళకి ఎనిమిదికి ఎలా కుదురుతుందండీ? అన్యాయం కదూ!"

"ఆ మాటే వాళ్ళు మొత్తుకుంటే, కుదురుతుందని బల్ల గుద్దిందెవరు?"

"నేనే. గట్టిగానే గుద్దాను," అని అరచెయ్యి చూపించాడు.

దాంతో బాబాయి మద్దతంటే అందరికీ హడలు. మా నర్సమ్మగారైతే ముందే దండం పెట్టేసేవారు. ఊళ్ళో సగం మందికి పురుడు పోసి, రిటైరైన పెద్దావిడ ఆమె. "బాబ్బాబు, నా పక్షం రాకయ్యా. గెలిచేస్తాను."

"గెలిస్తే మంచిదేగా!"

"గెలిచాక నువ్వుండవు కదయ్యా. ఆ గెలుపుని నేనొక్కదాన్నీ ఏం చేసుకోను?"

ఇంట్లో కూడా ఇదే వరసా అని మా పిన్నిని అడిగాను ఒకసారి. "ఇంట్లో ఆయన ఎప్పుడు గెలిచాడమ్మా? అందుకని ఎక్కడికీ వెళ్ళాల్సిన అవసరం రాలేదు," అంది పిన్ని తాపీగా.

ఇలా నవ్వులతో గడిచిపోతున్న సంఘంలోకి బెంచీల గొడవ వచ్చిపడింది.

మా చర్చిలో బెంచీలు పాతకాలం నాటివి. బండ చెక్క, నిటారు వీపు. వాటిని చేసిన కార్పెంటరు తాత చనిపోయాడు. ఆయన భార్యని మేమంతా మామ్మ అంటాం. మొదటి బెంచీ చివర కూర్చునేది. పాట పాడుతున్నప్పుడు ఆమె చెయ్యి బెంచీ అంచుని నిమురుతూ ఉండేది.

"ప్రసంగం అయ్యేసరికి ముసలివాళ్ళ నడుములన్నీ నా దగ్గరికే వస్తున్నాయి. మెత్తటి కుర్చీలు వేయించండి," అన్నారు నర్సమ్మగారు.

"కుర్చీ అంటే ఎవడిది వాడిదే. బెంచీ మీద మా నాన్న నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాడు. పక్కన అమ్మ, అక్కలు. కుర్చీల్లో కుటుంబం ఎలా కూర్చుంటుంది?" అన్నాడు బేకరీ ఆయన.

ఇద్దరిలోనూ న్యాయం ఉంది. వచ్చిన చిక్కే అది. అన్యాయం ఒకవైపు ఉంటే గొడవ త్వరగా తేలిపోయేది.

బాబాయి మేకులు తీసి జేబులో వేసుకున్నాడు. "నడుం నొప్పితో కూర్చున్నవాడికి దేవుడి మాట వినబడదండీ, నడుం మాటే వినబడుతుంది," అన్నాడు. నర్సమ్మగారు నెత్తిన చేతులు పెట్టుకున్నారు. కుర్చీలే గెలిచాయి.

బేకరీ ఆయన లేచి, "అయితే వాటిల్లో మీరే కూర్చోండి," అని వెళ్ళిపోయాడు.

కుర్చీలు వచ్చాయి. బెంచీలు పక్క వరండాలోకి చేరాయి. ఆదివారం బేకరీ ఆయన తరఫు కుటుంబాలన్నీ లోపలికి రాకుండా వరండాలోనే, బెంచీల మీదే కూర్చున్నాయి. ఆరాధన కిటికీలోంచే. అప్పట్లో చర్చిలో కీబోర్డు వాయించేదాన్ని నేనే. లోపలివాళ్ళు చరణం ముగించేసరికి బయటివాళ్ళు ఇంకా పల్లవి దగ్గరే ఉండేవారు. ఎవరి వెంట పరిగెత్తాలో తెలియక మధ్యలో నా వేళ్ళు తిప్పలు పడేవి. కిటికీలోంచి చూస్తే, మామ్మ పక్కన, నడుం పట్టుకుని మూలుగుతూ మా బాబాయి.

మొదటి వారం అందరం నవ్వాం. రెండో వారం కొందరే నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. బేకరీ ఆయన పిల్లలకు పురుడు పోసిన చేతులు నర్సమ్మగారివి. ఇప్పుడు ఆ ఇద్దరూ వీధిలో ఎదురుపడితే చెరో పక్కకీ చూసుకుంటూ పోతున్నారు. పాస్టరుగారు లోపల సగం, కిటికీ దగ్గర సగం నిలబడి ప్రసంగం చేసి గొంతు పోగొట్టుకున్నారు. ఈలోగా కబురు తెలిసింది: వరండావాళ్ళు బేకరీ పైనున్న పిండి గదిలో వేరే చర్చి పెట్టుకుంటున్నారని.

ఒక మధ్యాహ్నం బాబాయి మా ఇంటికి వచ్చి, "పద, కొత్త చర్చికి కీబోర్డు వాయించే మనిషి కావాలట," అన్నాడు. నేను తిట్టడానికే వెంట వెళ్ళాను. పిండి బస్తాల మీద అందరూ కూర్చుని ఉన్నారు. మామ్మని నలుగురూ కలిసి చేతుల మీద పైకి తెచ్చి స్టూలు మీద కూర్చోబెట్టారు. మేకులు జేబులోకి వెళ్ళాయి.

"వెళ్ళిపోదాం! ఎన్నాళ్ళని కిటికీలోంచి తొంగిచూస్తాం? తాడోపేడో తేలిపోవాలి!" అన్నాడు బాబాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. చొక్కా పట్టి లాగాను. "బాబాయ్, మతి గానీ పోయిందా నీకు?"

"ఉండమ్మా, గెలుస్తున్నాం."

బేకరీ ఆయన చేతులెత్తమన్నాడు. అన్ని చేతులూ లేచాయి, మామ్మది తప్ప.

"అదేంటి మామ్మా? తాత చేసిన బెంచీల కోసమే కదా ఇదంతా?"

"ఆయన వాటిని చేసింది నలుగురూ పక్కపక్కన కూర్చుంటారని నాయనా," అంది మామ్మ. గొంతులో కోపం లేదు. "మీరు వెళ్ళండి. నేనెవర్నీ ఆపను. నేను మాత్రం ఆ వరండాలోనే ఉంటాను. ఒక్కదాన్నే అయినా సరే, ఆ పాట వినబడేంత దూరంలో ఉంటాను."

"అయితే... మామ్మ తప్ప అందరం వెళుతున్నట్టే," అన్నాడు బేకరీ ఆయన.

"గెలిచాం!" అన్నాడు బాబాయి. లేచి, ప్యాంటుకి అంటిన పిండి దులుపుకుని, వెళ్ళి మామ్మ పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

"ఏయ్ తిరగలీ! ఇప్పుడేగా వెళ్ళిపోదామన్నావ్!" అన్నాడు బేకరీ ఆయన.

"అన్నాను. మీరు గెలిచారు. ఇక మామ్మకి ఎవరున్నారు?"

"ఎవరున్నారేంటి? మేమందరం లేమూ!"

"ఎక్కడ? మీరు వెళ్ళిపోతున్నారుగా."

ముందు బేకరీ ఆయన భార్యే లేచింది. మొగుడి వైపు చూడకుండా వచ్చి మామ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. తర్వాత పాలకేంద్రం వాళ్ళు. తర్వాత ఒక్కొక్కరే అందరూ. చూస్తూ చూస్తుండగానే గదికి అటువైపు బేకరీ ఆయన ఒక్కడే మిగిలాడు.

అప్పుడు మా బాబాయి మూలుగుతూ మళ్ళీ లేచాడు. గది దాటి వెళ్ళి బేకరీ ఆయన పక్కన నిలబడ్డాడు.

"మళ్ళీ ఇటెందుకొచ్చావయ్యా?"

"ఇప్పుడు ఓడింది నువ్వు కదా."

బేకరీ ఆయన కాసేపు బాబాయిని తినేసేలా చూశాడు. తర్వాత పిండి చేతులతోనే ముఖం కప్పుకుని నవ్వడం మొదలుపెట్టాడు. చేతులు తీసేసరికి చెంపలు రెండూ తెల్లగా, తడిగా ఉన్నాయి. "నన్నొదిలెయ్యవయ్యా నీకు పుణ్యముంటుంది. వస్తాను, లోపలికే వస్తాను," అన్నాడు.

ఆదివారం వాళ్ళు వచ్చేసరికి నర్సమ్మగారు వరండాలో ఒక బెంచీ కొస పట్టుకుని వంగి ఉన్నారు. "చూస్తావేం రా? అటు కొస పట్టుకో," అన్నారు బేకరీ ఆయనతో. ఇప్పుడు మా చర్చిలో ఒక వరస బెంచీ, ఒక వరస కుర్చీలు. చూడ్డానికి ఏమంత బాగుండదు. ఆ రోజు పంతానికి నర్సమ్మగారు బెంచీ మీద కూర్చున్నారు, నడుం పట్టేసినా పైకి చెప్పలేదు. బేకరీ ఆయన కుర్చీలో కూర్చున్నాడు, హాయిగా ఉన్నా పైకి చెప్పలేదు.

కొన్నాళ్ళకు నేను మామ్మని చూడ్డానికి వెళ్ళాను. ఆమె ఇంట్లో కొత్త గుడ్డ వేసిన చిన్న సోఫా ఉంది. అందులో కూర్చుంటే మామ్మ మహారాణిలా ఉంది.

"బాబాయి చేసిందా మామ్మా?"

"కుర్చీలు గెలిచిన రోజు సాయంత్రం సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. 'మీ సోఫా స్ప్రింగు కిర్రుమంటోందట' అన్నాడు. అది ఎప్పుడూ కిర్రుమనలేదమ్మా. సరే అన్నాను. మొత్తం విప్పేసి కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చినంతసేపూ ఏడ్చాను. మీ తాత చేతుల పని చూశావా అని ఆయన కబుర్లన్నీ చెప్పాను. వింటూ మేకులు కొడుతూనే ఉన్నాడు. నేను ఏడుపు ఆపాకే సోఫా మూశాడు."

నాకు పాలకేంద్రం వాళ్ళింట్లో కొత్త గుడ్డ వేసిన కుర్చీలు గుర్తొచ్చాయి. ఇంకో రెండిళ్ళూ గుర్తొచ్చాయి. మా సంఘంలో ఎవరు ఎంత ఎక్కువ ఓడిపోయారో వాళ్ళిళ్ళలో కూర్చుంటే తెలిసిపోతుందన్నమాట.

అక్కణ్ణుంచి నేరుగా కొట్టుకి వెళ్ళాను. బాబాయి ఏదో కుర్చీని బోర్లించి దాని కడుపులో తల పెట్టి ఉన్నాడు.

"బాబాయ్, ఓడేవాళ్ళంటే నీకంత జాలి ఉంటే, మొదట్నుంచీ వాళ్ళ పక్షానే వాదించొచ్చుగా?"

కుర్చీలోంచి తల బయటికి వచ్చింది. ఇంత తెలివితక్కువ ప్రశ్న తన జన్మలో వినలేదన్నట్టు నా వైపు చూశాడు.

"అప్పుడు వాళ్ళే గెలిచేస్తారు కదే!"