పొగ వస్తే మూసుకునే తలుపులు

మా లారీ టెక్కలి దాటి, పూండి దగ్గర ఒక ఊరి బడికి మధ్యాహ్నం రెండున్నరకు చేరింది. ఆగస్టు నెల. సన్నగా వాన. ఐదుగురం. రెండు పొగ యంత్రాలు, మలాథియాన్ దోమల మందు డబ్బాలు, డీజిలు, రెండు వైర్‌లెస్ సెట్లు. తుపాకీ ఒక్కటీ లేదు. రెండువేల తొలి ఏళ్లలో మా సైనిక వైద్య దళాన్ని నెల రోజులు మెదడువాపు జ్వరం మీదకు పంపారు.

"బోర్డర్ అనుకుంటే దోమల మీదకి తోలీసినారేటి, బావా!" అన్నాడు మా డ్రైవరు. అతనిది విజయనగరం వైపు.

కెప్టెన్ గారు నవ్వలేదు. వరిమడిలో పుట్టిన దోమ పందిని కుట్టి, తర్వాత పిల్లల్ని కుడుతుందని చెప్పారు. పందికి ఏమీ కాదు. జ్వరం పిల్లల మెదడుకు పాకితే మాత్రం మందు లేదు. ఆర్డరు ఇదీ: పందుల్ని ఊరికి దూరంగా తోలించాలి. సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా తలుపులు తీయించి, ఇళ్ల లోపలికీ పొగ పట్టాలి.

ఆ సాయంత్రం యంత్రం మోగగానే వీధంతా తలుపులు పడ్డాయి. "పొగొత్తంది, తలుపులేసీండర్రా!" అని అరిచి, దాలమ్మ అనే ఆమె కూతుర్ని లోపలికి లాక్కుంది. జీడిపిక్కలు కొట్టి నల్లబడిన అరచేత్తో తలుపు నెట్టింది. డీజిలు తగ్గుతోంది, వెలుగు పోతోంది. ఏ తలుపూ తట్టకుండా వీధిలోనే పొగ పట్టుకుంటూ పోయాను.

"తలుపులు తీయించావా? ఓవర్," బడి దగ్గర నుంచి వైర్‌లెస్‌లో కెప్టెన్ గారు.

"తీయించాను సార్. ఓవర్."

ఒక అబద్ధం ఆడితే రెండోది అడక్కుండానే వస్తుంది. పదకొండు సాయంత్రాలు అదే జవాబిచ్చాను.

పన్నెండో రోజు ఉదయం దాలమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆరేళ్ల గౌరికి జ్వరం, ఫిట్స్. మెడ కర్రలా బిగుసుకుంది. లారీలో టెక్కలి ఆసుపత్రికి బయల్దేరాం. తలుపు ఎందుకు వేసేదానివమ్మా అని దారిలో అడిగాను.

"జీడిపిక్కలు కాల్సే బట్టీ పొగ తగిల్తే ఒళ్లు పొక్కిపోద్ది బాబూ. ఇదీ అలాటిదే అనుకున్నాం. తీసీమని నువ్వు సెప్పలేదు కదేటి?"

సిగ్గుతో చచ్చిపోయాను. మధ్యాహ్నం కెప్టెన్ గారికి నిజం చెప్పాను.

"ఆ దోమ మనం రాకముందే కుట్టిందో, వచ్చాక కుట్టిందో నీకూ నాకూ ఎప్పటికీ తెలీదు. సాయంత్రం ప్రతి తలుపూ తట్టు," అన్నారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా తట్టాను. బట్టీ పొగ కాదని ఇంటింటికీ చెప్పాను. తలుపులు తెరుచుకున్నాయి.

మేం వెళ్లే ముందురోజు గౌరిని ఇంటికి తెచ్చారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఆ సాయంత్రం మేమింకా వీధి మొదట్లో ఉండగానే దాలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. భుజం మీద గౌరి, తల నిలపలేక వాలిపోయి.

"సూడు బాబూ, తీసీసినాను," అంది.

మర్నాడు పలాసలో రైలెక్కాను. ఇప్పుడు మా వీధిలోకి దోమల పొగ కొట్టే బండి వస్తే ఇంట్లోవాళ్ల కంటే ముందు నేనే లేచి తలుపు తీస్తాను. తీసిన ప్రతిసారీ దాలమ్మ నల్లటి అరచేయి కనిపిస్తుంది, గాలికి మూసుకోకుండా తలుపును గోడకు అదిమి పట్టుకుని.