హీటర్ ఉన్న ఇంట్లో పేదలా?

1986. మందమర్రి వైపు ఒక బొగ్గు బావుల కాలనీలో పేదల సర్వే. అప్పుడు నేను మండల కార్యాలయంలో క్లర్కును, ఆ నెలకు ఎన్యూమరేటర్‌ను కూడా. అంటే ఇంటింటికీ తిరిగి వివరాలు రాసేవాణ్ణి. నేను రాసినదాన్ని బట్టే ఎవరికి బియ్యం కార్డు వస్తుంది, ఎవరికి రాదన్నది తేలుతుంది.

నిజం చెప్పొద్దూ, ఆ కాలనీ పేరు వినగానే నాకు నవ్వొచ్చింది. కాళ్ల కింద అంత బొగ్గు, వరసగా పక్కా క్వార్టర్లు, నెలనెలా జీతాలు. అక్కడ పేదలెవరు? నా షెడ్యూల్‌లో, అంటే ప్రశ్నలు అచ్చువేసిన పొడుగు కాగితంలో, ‘కరెంటు ఉందా’ అని ఒక గడి. ఉంటే పేరు కొట్టేయాలి. తొంగిచూడటం, టిక్కు పెట్టడం, కొట్టేయడం. పొద్దుగూకక ముందే మూడు వరసలు ముగించి, నా అంత పనిమంతుడు లేడని మీసం దువ్వుకున్నాను.

జాబితా గోడకు అంటించిన మర్నాడు ఒకామె సరాసరి నా బల్ల దగ్గరికే వచ్చింది. పేరు రాజవ్వ.

“సారూ, నా పేరు లేదంటున్రు. ఎందుకు లేదు?”

కాగితం తీసి చూశాను. “వండుకోను హీటరుంది, కరెంటు బుగ్గ వెలుగుతోంది. ఇంకా నీకు కార్డెందుకమ్మా?”

ఆమె కొంగు బిగించి నడుముకు చుట్టింది. “క్వార్టరు మా బావది. కరెంటు కంపెనీ ఉత్తగ ఇచ్చేది. మేం ఐదుగురం వరండాల పడుంటున్నం. మా ఆయన కాంట్రాక్టరు కింద బొగ్గు ఎత్తేటోడు, కాలిరిగి మంచం పట్టిండు. హీటరు మీద ఏముందో జర మూత తీసి చూసినవా సారూ?”

ఆఫీసంతా మా వైపే చూస్తోంది. నాకు ఒళ్లు మండింది. “పద, ఇప్పుడే చూస్తా!” అని సైకిల్ తీశాను. ముందే చేరి, ఆమె నడిచి వచ్చేదాకా ఆ వరండా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

వరండాకు గోనెపట్టా తెర. లోపల హీటర్ తీగ ఎర్రగా కాలుతోంది. గిన్నె మూత తీశాను. నూకల గంజి. అందులో నూకలు వెతుక్కోవాలి. ఐదుగురికి, ఆ రోజంతటికీ అదే.

ఛీ, ఎంత పని చేశాను! ఆ వరసల్లో ఇంకెన్ని వరండాలున్నాయో! ఆబ్జెక్షన్లకు, అంటే జాబితా తప్పని చెప్పుకోవడానికి, గడువు ఆ సాయంత్రం ఐదింటికి. గడియారం చూస్తే పన్నెండు.

ఇక చూడాలి నా పరుగు! రాజవ్వ ముందు, నేను వెనక. “గీడ ఉన్నరు సారూ! గా మూలకు ఇంకొకలు!” తెర తీయడం, మూత ఎత్తడం, అడగడం, రాయడం. చెమటకు కాగితాలు తడుస్తున్నా చెయ్యి ఆగడం లేదు. మూడు వరసలూ అయ్యేసరికి నాలుగు కావస్తోంది.

ఎమ్మార్వో గారి ముందు రొప్పుతూ నిలబడ్డాను. ఆయన మండిపడ్డారు. “ఏందయ్యా, నువ్వే కొట్టేసినవ్, మళ్ల నువ్వే రాసుకొచ్చినవ్. ఆటలాడుతున్నవా?”

“తప్పు నాదే సార్. ఏమన్నా పడతాను. కానీ ఒక్క మూత ఎత్తి చూసి అనండి.”

ఆయన జీపు తీయించారు. ఒకటి కాదు, నాలుగు వరండాల్లో మూతలెత్తారు. ఐదుకు పది నిమిషాలుందనగా జీపు బానెట్ మీదే సంతకాలు పెట్టారు. సంతోషం పట్టలేక ఆయన ముందే ఎగిరి గంతేశాను!

కార్డు వచ్చిన రోజు నా చేత్తోనే రాజవ్వకు ఇచ్చాను. నాలుగు మంచి మాటలు అంటుందేమోనని నిలబడ్డాను కూడా. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

“మంచిగైంది సారూ. గాని మొదటి దినమే అడిగితే అయిపోతుండె గదా” అంది.

నా గొప్పంతా అక్కడే దిగిపోయింది. ఆ తర్వాత ఏ సర్వేకు వెళ్లినా, గడులు నింపకముందే గడప దగ్గర కూర్చుని ఒకటే అడిగేవాణ్ణి: “అక్కా, గీ ఇంట్ల నీది ఏది?”

చాలామంది “అంతా మాదే” అని నవ్వేవాళ్లు. కొందరు మాత్రం ఇల్లంతా కలయజూసి, ఒక్క గంజి గిన్నె చూపించేవాళ్లు. వాళ్ల పేర్లు ముందు రాసేవాణ్ణి.