తొమ్మిదిన్నర మైళ్ళ వేగం

కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసే మనిషిని వీధిలో అందరూ దుర్భిణి అంటారు. చాటుగా కాదు, ముఖం మీదే అంటారు. ఆయన ఏమీ అనుకోడు. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ చూపు సరిచేస్తూ తన చూపు మాత్రం సముద్రం మీదే పెట్టుకున్నవాడికి అంతకంటే అతికే పేరు ఏముంటుంది? పెళ్ళి చేసుకోలేదు. కింది వాటాలో తమ్ముడి కుటుంబం, పై గదిలో ఆయనా, ఆయన ఓడలూ.

ఓడలంటే జనం వేలు పెట్టి చూపించే పెద్ద తెల్ల ఓడలు కావు. నడిసముద్రంలో చమురు తోడేవాళ్ళకి పైపులు, సిమెంటు, మంచినీళ్ళు మోసుకెళ్ళే సప్లయి ఓడలు. ముందు మూడంతస్తుల ఇల్లు, వెనకంతా చదునైన వాకిలి. చూడ్డానికి లారీకి అన్నగారిలా ఉంటాయి. పాతికేళ్ళు చాకిరీ చేయించుకుని ఒకరోజు వాటిని ముక్కలు చేసే ఒడ్డుకి తోలేస్తారు. ఆ చివరి ప్రయాణాన్ని ఫోనులో పటం మీద చూస్తూ, ఒడ్డు చేరేదాకా సాగనంపే మనుషులు అక్కడా ఇక్కడా కలిపి ఓ నలభై మంది ఉన్నారు. వాళ్ళలో ఆయన పేరు అద్దాల మాస్టారు. ఒక్కో ఓడకి నోటు పుస్తకంలో ఒక్కో పేజీ. ఎవరో ఒకరు కంటితో చూసి ఫోటో తీస్తే తప్ప ఆ పేజీ మూయకూడదు. ఆ నియమం పెట్టింది ఆయనే.

ఆ నెల సాగనంపుతున్న ఎర్ర ఓడ సంగతి వేరు. ఇరవై రెండేళ్ళ క్రితం ఆయన మొట్టమొదట ఫోటో తీసింది దాన్నే. ఇప్పుడు దానికి ఇంజను లేదు, కరెంటు లేదు. టగ్గు అనే లాగుడు పడవకి మోకు కట్టి లాక్కుపోతున్నారు. మీద కాపలాకి నలుగురు. ఆ నలుగురిలో ఒకడు ఆయన తమ్ముడు.

తమ్ముడు డీజిల్ మెకానిక్. పనిచేసే వర్క్‌షాపు మూతపడింది. బస్సు డిపోలో తీసుకుంటాం, ఒక నెల ఆగమన్నారు. ఈలోగా ఈ ఓడ పని తగిలింది. భార్య వద్దంది. తమ్ముడు అటూ ఇటూ ఊగుతుంటే, ఒక్క తోపు తోసింది అన్నే.

"బస్సులు ఎక్కడికీ పోవురా. ఈ ఓడ మళ్ళీ దొరకదు."

"నాకెందుకు దొరకాలి అన్నయ్యా?"

"నాక్కావాలి. ఇంజను రూములో ఇత్తడి రేకు ఉంటుంది. ఎక్కడ కట్టారో, ఎప్పుడు కట్టారో దాని మీద చెక్కి ఉంటుంది. ఆ రేకు ఫోటో మాలో ఒక్కడి దగ్గరా లేదు."

తమ్ముడు నవ్వి సంచి సర్దుకున్నాడు. మరదలు అతని ఆకుపచ్చ చొక్కా తీసి, చిరిగిన జేబు ఊడదీసి, పాత దిండు గలీబు ముక్కతో తెల్ల జేబు కుట్టి ఇచ్చింది. రేకు సంగతి ఆమె దగ్గర అన్న ఎత్తలేదు.

శనివారం పొద్దున ఆరింటికి ఆయన ఫోను తెరిచాడు. కరెంటు లేని ఓడ పటంలో కనిపించదు, దాన్ని లాగే టగ్గే కనిపిస్తుంది. తెలిసినవాడికి దాని వేగం చాలు. బరువు లాగే టగ్గు గంటకి నాలుగు సముద్రపు మైళ్ళు నడుస్తుంది. ఖాళీ టగ్గు తొమ్మిదో పదో. ఆరింటికి వేగం నాలుగు, ఒడ్డుకి దూరం పన్నెండు మైళ్ళు. అంతా సవ్యంగానే ఉందనుకుని షాపుకి వెళ్ళాడు.

పదకొండింటికి టీ గ్లాసు పక్కన పెట్టి మళ్ళీ చూశాడు. టగ్గు గుర్తు దాదాపు పొద్దున ఉన్నచోటే ఉంది. వేగం తొమ్మిదిన్నర.

ఇంకొకరెవరైనా ఐతే టగ్గు జోరందుకుందని సంతోషించి టీ తాగేవాళ్ళు. ఆయన గ్లాసు ముట్టుకోలేదు. ఐదు గంటలు ఒక్కచోటే తిరిగింది. ఇప్పుడు బరువు లేకుండా పరుగెడుతోంది. అంటే మోకు తెగింది. ఓడ మునిగింది. వాళ్ళు వెతికారు, వెతికి వెతికి, ఇక... ఆ పైన ఆలోచన సాగలేదు.

తమ్ముడి ఫోను బుధవారం నుంచి పలకడం లేదు. పనికి పంపిన ఏజెంటు ఆఫీసులో ఫోను మోగి మోగి ఆగిపోయింది. పటంలో ఆ గుర్తుకి దగ్గరగా ఉన్న రేవులో ఓడలు సాగనంపే నలభై మందిలో ఒకావిడ ఉంది, రిటైరైన టీచరమ్మ. ఆమెకి చేశాడు.

"టీచర్ గారూ, మీ రేవు బయట పొద్దున ఏమైనా కనిపించిందా?"

"మా కిటికీలోంచి ఎదురింటి నీళ్ళ ట్యాంకు తప్ప ఏమీ కనిపించదండీ. ఏమైంది?"

చెప్పాడు.

"మునగడం మీరు చూశారా మాస్టారూ?"

"వేగం చూశాను."

"కంటితో చూడందే పేజీ మూయకూడదని మాకందరికీ పాఠం చెప్పారు. మనిషి పేజీకి ఆ పాటి నియమం లేదా? ఉండండి, గట్టు చివరిదాకా వెళ్ళి చూసొస్తాను."

"మీ మోకాళ్ళు..."

"అవి నా మోకాళ్ళు. మీరు పని చూసుకోండి."

పని చూసుకున్నాడు. అరగదీసే రాయి దగ్గర కూర్చుని, ఫ్రేములో పట్టాల్సిన అద్దాన్ని అలా తిప్పుతూనే ఉండిపోయాడు. ఓనరు వచ్చి ఆ అద్దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని వెలుతురులో చూశాడు.

"ఇది ఎవరి కంటికి దుర్భిణీ, చీమకా?"

ఆయన నవ్వలేదు. ఓనరు ఇంటికెళ్ళి భోంచేసి రమ్మన్నాడు.

మరదలు రోజూ వడ్డిస్తూ అడిగే ప్రశ్న ఒక్కటే. "మీ తమ్ముడు ఎంతదాకా వచ్చారు బావగారూ?" దానికి ఆయన రోజూ పావుగంట జవాబు చెప్తాడు.

"వస్తున్నాడమ్మా," అన్నాడు ఆ రోజు.

"అంతేనా? గాలి ఎటు, లోతెంత, అవేమీ లేవా?"

"నెట్టు సరిగా లేదు."

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది.

"మీకు గిట్టని కూర. రెండోసారి వేస్తున్నా వద్దనలేదు. ఏం జరిగింది?"

ఆయన చెప్పడానికి నోరు తెరిచేసరికి ఫోను మోగింది. టీచరమ్మ ఫోటో పంపింది, వెంటే గొంతు. ఆయాసంతో మాట్లాడుతోంది. "మాస్టారూ, ఎర్ర ఓడ ఇక్కడ గట్టు చాటున లంగరేసి ఉంది. నిటారుగా, శుభ్రంగా ఉంది. మనుషులైతే కనిపించలేదు. తాడు మీద ఏవో బట్టలున్నాయి, పెద్దది చేసి చూసుకోండి."

ఆయన ఎడమచేత్తో జేబు తడుముకున్నాడు. కళ్ళజోడు షాపులో అరగదీసే రాయి పక్కనే ఉండిపోయింది. ఊరందరికీ అద్దాలు బిగించేవాడికి అవసరానికి ఎర్రమచ్చ తప్ప ఏమీ ఆనలేదు.

"అమ్మా, నువ్వు చూడు. బట్టలున్నాయట."

ఆమె ఫోను అందుకుని, రెండు వేళ్ళతో లాగి లాగి చూసింది.

"తువ్వాలు. బనీన్లు. ఇదిగో, మన ఆకుపచ్చ చొక్కా. తెల్ల జేబు నేను కుట్టిందే, కొంచెం వంకరపోయింది." ఇంకొంచెం లాగింది. "పిండకుండానే ఆరేశారు. ఇంట్లోనూ ఇంతే."

"పిండలేదని ఎలా తెలుసు?"

"కింద డెక్కు తడిగా లేదూ? ఈ ఎండలో, గంట కూడా అయ్యుండదు ఆరేసి."

ఆయన ఎంగిలి చేత్తోనే గోడకి జారగిలబడ్డాడు. ఆ తర్వాత లెక్క దానంతటదే కుదిరింది. పన్నెండు మైళ్ళు, నాలుగు చొప్పున మూడు గంటలు ఒడ్డువైపు. లంగరేసి మోకు విప్పడానికి ముప్పావు గంట. ఖాళీ టగ్గు తొమ్మిదిన్నర చొప్పున బయల్దేరితే పదకొండింటికి మళ్ళీ అక్కడికే చేరుతుంది. వాళ్ళు వెతకనూ లేదు, మోకు తెగనూ లేదు.

అప్పుడు మొత్తం చెప్పాడు. వేగం, ఐదు గంటలు, మునగడం. చివరికి రేకు సంగతి కూడా.

"నీ మాట కాదని వాణ్ణి ఓడెక్కించింది నేనేనమ్మా. ఒక్క ఫోటో కోసం."

"తెలుసు. వెళ్ళేముందు ఆయనే చెప్పారు. నేను పుట్టి బుద్ధెరిగాక అన్నయ్య నన్ను అడిగింది ఇదొక్కటేనని." ఆమె గరిటె మళ్ళీ తీసింది. "మీ మీద కోపం లేదని కాదు. ఉంది. ఆయన వచ్చాక పోట్లాడుకుందాం. ఇప్పుడు మజ్జిగ పోసుకోండి."

సాయంత్రం తమ్ముడే ఫోను చేశాడు. రేవు నుంచి మంచినీళ్ళు తెచ్చిన పడవలో చార్జింగు పెట్టుకున్నాడట. "జన్మంతా నీళ్ళు మోసిన సప్లయి ఓడకి చివరికి సప్లయి వచ్చింది అన్నయ్యా," అన్నాడు. గాలివాన సూచన ఉందని వాళ్ళని గట్టు చాటున వదిలి, టగ్గు పక్క రేవుకి డీజిలు కోసం వెళ్ళిందట.

"ఇంకోటి, నీ రేకు..."

"దాని సంగతి వదిలెయ్యరా."

"వదలడానికి ఉంటే కదా. నాలుగు బోల్టుల కన్నాలున్నాయి అంతే. మనకంటే ముందే ఎవరో ఊడబెరుక్కుపోయారు. కన్నాల ఫోటో తీశాను. పనికొస్తుందా?"

ఆయనకి నవ్వు ఆగలేదు. షాపు నుంచి తెచ్చుకున్న కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

"పనికొస్తుంది. చాలా పనికొస్తుంది. చొక్కా పిండి ఆరెయ్యి."

"ఏంటీ?"

"ఏం లేదులే."

"టగ్గు ఎప్పుడొస్తుందో ఇక్కడ మాకెవరూ చెప్పడం లేదు. నువ్వే చూసి చెప్పు మరి. ఒడ్డు చేరగానే డిపోకి వెళ్ళాలి."

మరుసటిరోజు మధ్యాహ్నం ఆయన మెట్లు దిగి వచ్చేసరికి, మరదలు గుమ్మంలో బట్టలు మడతపెడుతోంది. ఫోను వైపు చెయ్యి చాపింది.

"ఆ నాలుగేమిటో, ఆ తొమ్మిదేమిటో నాకూ చూపించండి. ఇకనుంచి నాలుగు కనిపిస్తే నాకు చెప్పండి. తొమ్మిది కనిపిస్తే ముందు టీచరమ్మకి చెప్పండి."

"అలాగేనమ్మా," అని ఆయన ఫోను తెరిచాడు. టగ్గు గుర్తు మొన ఈసారి ఎర్ర ఓడ ఆగి ఉన్న ఒడ్డువైపు తిరిగి ఉంది. వేగం తొమ్మిదిన్నర.

టీచరమ్మకి చెప్పలేదు. ఫోను మరదలి చేతికే ఇచ్చాడు.