ఆదివారం రాత్రి ఒంటిగంటంపావు

మావారికి ఎడమ కన్ను పోయి మూడేళ్లయింది. షుగరు వల్ల. కుడి కంటికి విజయవాడలో రెండు నెలలకోసారి ఇంజెక్షన్ వేయిస్తున్నాం. ఈ ఏడాది కాయ కోతలు అయిపోయాక వెళ్తే డాక్టరు గారు చాలాసేపు లైటు వేసి చూశారు. కుర్చీ వెనక్కి జరుపుకుని, "చూడాలనుకున్నవి ఏమన్నా ఉంటే వాయిదా వేయకండి. ఈ ఏడాదిలోనే చూసేయండి" అన్నారు. చాలా నెమ్మదిగా చెప్పారు. అంత నెమ్మదిగా చెప్పినందుకు ఆయనకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగి నూజివీడు బస్సు కోసం నిలబడ్డాం. నాలుగు లారీలు పోయాక ఆయనే అన్నారు, "జపాన్‌లో ఆపిల్ తోట చూడాలని ఉందే."

కాశీ అంటారనుకున్నాను నేను.

ఆ కోరిక ఎక్కడిదో నాకు తెలుసు. నాలుగేళ్ల కిందట మా బంగినపల్లి చెట్లకి కాయకో కాగితం కవరు తొడగడం మొదలుపెట్టాం. మచ్చ పడదు, ఈగ కుట్టదు. నేర్పడానికి వచ్చినతను ఈ పద్ధతి జపాన్ రైతులదని, వాళ్లు ఆపిల్‌కి ఇలాగే చేస్తారని చెప్పాడు. అప్పటినుంచీ మావారు ఫోన్‌లో ఆ తోటలే చూస్తుంటారు. కోతకి నెల ముందు కవర్లు విప్పి, ఒక్కో కాయనీ చేత్తో మెల్లగా తిప్పుతారట. చెట్ల కింద వెండి కాగితంలా మెరిసే పట్టాలు పరుస్తారట, ఎండ నేల మీద పడి, తిరిగి లేచి, కాయ అడుగున కూడా రంగు తెచ్చేలాగా. ఆ వీడియో మొదటిసారి చూసిన రోజు ఆయన అన్నం దగ్గర నుంచి లేచి వచ్చి నాకు చూపించారు. "చూడవే, ఎండని కింద నుంచి కూడా కాయిస్తున్నారు!" నాకూ ఒళ్లు జలదరించింది. భగవంతుడు పైనుంచి ఇచ్చినదాన్ని ఒక్క చుక్క కూడా పోనివ్వకుండా రెండు చేతులా పట్టుకునే మనుషులు ఉన్నారన్నమాట.

మా పక్కిల్లు మా వదినది, అంటే మావారి అక్కది. విషయం చెప్పగానే నోరు వెళ్లబెట్టింది. "ఒరే, ముప్పై ఏళ్లుగా మామిడి తోటలో తిరిగి ఇంకా తోట చూడాలంటావేంట్రా? హల్వా కొట్టువాడు వేరే ఊరెళ్లి హల్వా కొనుక్కున్నట్టుంది!"

"నువ్వూ రా అక్కా."

"నేనెందుకు, వాళ్లు చేపలు పచ్చివే తింటారంట" అంది. కానీ ఆ సాయంత్రమే తను చదివే పంచాంగం పట్టుకుని వచ్చి మా అరుగు మీద కూర్చుంది.

నూజివీడులో జిరాక్సు షాపు, టికెట్లు, పాస్‌పోర్టు అప్లికేషన్లు అన్నీ ఒకే బల్ల మీద నడిపే ఒకావిడ ఉంది. మమ్మల్ని అంకుల్, ఆంటీ అంటుంది. జపాన్ అనగానే కళ్లద్దాలు తీసింది. "ఆంటీ, సింగపూర్ అనండి, రేపే పంపిస్తా. జపాన్ వాళ్లు వీసా కాగితాల దగ్గర చాలా స్ట్రిక్ట్. ఒకసారి కాదన్నారంటే ఇదే పని మీద ఆరు నెలల దాకా మళ్లీ అడగడానికి లేదు."

మావారు నా వైపు చూశారు. ఆపిల్ తోటలు అలా ఉండేది దసరా నుంచి దీపావళి దాకానే. ఆరు నెలలంటే వచ్చే ఏడాది సంగతి. వచ్చే ఏడాది సంగతి డాక్టరు గారు చెప్పలేదు.

"అయితే తప్పు లేకుండా పెడదామమ్మా" అన్నాను.

ఇన్‌కం ట్యాక్స్ కాగితాలు అడిగారు. మామిడి రైతుకి అవెక్కడివి? పట్టాదారు పాసుపుస్తకం, ఎమ్మార్వో ఆఫీసు సర్టిఫికెట్, అన్నీ ఇంగ్లీషులోకి మార్పించి పెట్టాం. పాసుపుస్తకంలో మావారి ఫొటో పాతికేళ్ల కిందటిది, జుట్టు దట్టంగా ఉంది. "ఇతను ఎవరో నీకు బాగా తెలుసా?" అని మా వదిన నన్నడిగింది. నా చదువు దగ్గర ఒక్క నిమిషం ఆగాం. నేను బడి గుమ్మం తొక్కలేదు. చిన్నప్పుడు కాలు బాగుండక మా నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి చదవడం, రాయడం, పంచాంగం చూడడం నేర్పాడు. "దానికి కాలమ్ లేదులే ఆంటీ, హౌస్‌వైఫ్ అంటే చాలు" అంది ఆవిడ.

అన్నిటికన్నా నన్ను నిలబెట్టేసింది రోజువారీ షెడ్యూలు. ఏ తారీకున ఎక్కడ ఉంటాం, ఏం చూస్తాం, ఏ గదిలో పడుకుంటాం, అక్కడి ఫోన్ నంబరు, అన్నీ రాసివ్వాలి. పుట్టి ఇన్నేళ్లయింది, రేపటి సంగతి చెప్పేటప్పుడు 'స్వామి దయ ఉంటే' అనకుండా నేను నోరు తెరవలేదు. అలాంటిది ఎప్పుడూ చూడని దేశంలో తొమ్మిది రోజులు నేను ఎక్కడ నిద్రపోతానో నా చేత్తో నేనే రాయాలి. పైన ఎక్కడన్నా 'దైవానుగ్రహం ఉంటే' అని ఒక్క ముక్క పెట్టవచ్చా అని అడిగాను.

"దానిక్కూడా కాలమ్ లేదాంటీ" అని నవ్వింది.

అయినా ఆ కాగితం రాయడానికి దీపం పెట్టాకే కూర్చున్నాను. రాస్తుంటే భయం పోయి మరొకటి వచ్చింది. మంగళవారం ఉదయం రైలు. బుధవారం తోటలు. అక్కడ తెల్లారేది మనకన్నా మూడు గంటల పైన ముందు. మా వాకిట్లో ఇంకా చీకటి ఉండగానే ఆ తోటలో వెండి పట్టాల మీద ఎండ పడుతుంది. అదే సూర్యుడు. అక్కడ చూసుకుని, నడుచుకుంటూ మా దగ్గరికి వస్తాడు. ఇన్నాళ్లూ పొద్దున్నే నీళ్లు వదిలి దణ్ణం పెడుతున్నాను గానీ, ఆయన అప్పటికే ఎంతమందిని లేపి వచ్చాడో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఇక ప్రయాణం రోజు. టికెట్ రిజర్వేషన్ కాగితం చూసి మా వదిన గుండెల మీద చెయ్యి వేసుకుంది. "సోమవారమా! సోమ, శని తూర్పున శూల కదే. జపాన్ తూర్పే కదా? కంటి కోసం వెళ్లేవాడు శూలకి ఎదురెళ్తాడా?"

నేను చూశాను. విమానం హైదరాబాద్‌లో ఎక్కేది ఒంటిగంటంపావుకి. "వదినా, అర్ధరాత్రి దాటాక ఒంటిగంటంపావు. తెల్లవారలేదు కదా, ఇంకా ఆదివారమే. సోమవారం సూర్యోదయంతో కదా మొదలు."

"ఓహో" అని స్థిమితపడింది. "మీ నాన్న నీకు బాగానే చెప్పాడు."

నాకు గర్వంగానే అనిపించింది. టికెట్ మీద ఉన్నది ఇంగ్లీషు లెక్క అనుకుని, షెడ్యూలులో సోమవారం కొట్టేసి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను: ఆదివారం రాత్రి ఒంటిగంటంపావుకి బయలుదేరుట, సోమవారం సాయంత్రం చేరుట. షాపులో ఆవిడ ఆ రోజు రద్దీలో ఉంది. నేను రాసింది రాసినట్టు, ఆదివారం తారీకు వేసి టైపు చేసింది. హైదరాబాద్ వెళ్లి వీసా సెంటర్లో ఇచ్చి వచ్చాం.

ఆరో రోజు ఆవిడ ఫోన్ చేసింది. "ఆంటీ, వీసా వాళ్ల దగ్గర నుంచి మెయిల్ వచ్చింది. మన షెడ్యూలులో ఆదివారం ఒంటిగంటంపావుకి బయలుదేరినట్టుంది. టికెట్ సోమవారానిది. సోమవారం సాయంత్రం దిగుతున్నారు కదా, ఆదివారం పగలంతా ఎక్కడుంటారని అడుగుతున్నారు. రెండు రోజుల్లో జవాబివ్వాలి."

గుమ్మం మీదే కూర్చుండిపోయాను. దిద్దింది నేను. ఎవరూ అడగకపోయినా, నాకు తెలుసనుకుని దిద్దింది నేను.

మావారికి చెప్పాను. కండువా తీసుకుని తోటలోకి వెళ్లిపోయారు. కోపం చేసుంటే బాగుండుననిపించింది. మా వదిన వచ్చింది. ఏమంటుందోనని తల దించుకున్నాను. "ఏమ్మా, శూల అని కెలికింది నేను. తిట్టాలంటే నన్ను తిట్టు. ఏడుస్తూ కూర్చుంటే జవాబు ఎవరు రాస్తారు?" అంది.

మర్నాడు ముగ్గురం షాపుకెళ్లాం. ఆవిడ అప్పటికే ఒక కాగితం తయారుచేసి ఉంచింది. "టైపింగ్ మిస్టేక్ అని రాశానంకుల్. ఒక్క లైను. అయిపోతుంది. వాళ్లకి పంచాంగం అదీ చెప్తే తల తిరుగుతుంది, కాదంటే ఆరు నెలలు పోతుంది."

ఆవిడ మా మంచికే చెప్పింది. దాని మీద సంతకం పెడితే చాలు. పెన్ను కూడా చేతికిచ్చింది. నేను పెన్ను బల్ల మీద పెట్టేశాను. "నువ్వు చేసింది తప్పు కాదు కదమ్మా. నేను రాసిందే చేశావు. తప్పు నీ మీద పెట్టి వెళ్తే నేను అక్కడ ఏ దేవుడికి దణ్ణం పెట్టుకోను?"

"ఆంటీ, ఇక్కడ దేవుడు కాదు, ఆఫీసరు."

నేను మావారి వైపు తిరిగాను. పోయేది ఆయన కోరిక. నా మనసు శుభ్రంగా ఉండడానికి ఆయన చూపుతో బేరమాడినట్టవుతుందేమో. "మీరేమంటే అది" అన్నాను.

ఆయన కాసేపు ఆ కాగితాన్ని కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని చూశారు. "కాయకాయకీ చెయ్యి వేసి తిప్పేవాళ్లు" అన్నారు. "ఒక రోజు ఎందుకు తప్పిపోయిందో చెప్తే వినరా? ఉన్నదే రాయవే."

తెలుగులో రాశాను, ఆవిడ ఇంగ్లీషులోకి మార్చింది. ఎంతో రాయలేదు. 'మా ఇళ్లలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. అర్ధరాత్రి దాటినా తెల్లవారేదాకా నిన్నటి రోజు కిందే లెక్క. ఆ లెక్కతో షెడ్యూలు రాసింది నేను. తప్పు నాది, టైపు చేసినవారిది కాదు. మీరడిగిన ఆదివారం పగలు మేము మా ఇంట్లోనే ఉంటాము, మామిడి తోటలో. సరిచేసిన షెడ్యూలు జతపరిచాము. శ్రమ ఇచ్చినందుకు క్షమించండి.' కింద మావారి కంటి డాక్టరు చీటీ పెడదామంది ఆవిడ. మావారు వద్దన్నారు. "జాలిపడి రమ్మనక్కర్లేదు."

తర్వాత పదకొండు రోజులు. తోటలో కొమ్మలు కత్తిరించిన చెట్లకి కొత్త చిగురు వచ్చి ముదురుతోంది. పని పెద్దగా లేదు. ఆయన ఊరికే చెట్టు చెట్టు దగ్గరా నిలబడేవారు. నేను స్వామిని వీసా ఇప్పించమని అడగలేదు. రాకపోతే మావారు తట్టుకునేలా చూడమని అడిగాను. అంతకన్నా అడగడానికి నాకు నోరు రాలేదు.

పన్నెండో రోజు పొద్దున్న ఆవిడ ఫోన్ చేయలేదు. స్కూటర్ వేసుకుని మా ఇంటికే వచ్చింది. వాకిట్లోంచే, "అంకుల్, ఇచ్చేశారు!" అని కేక పెట్టింది. ఇప్పుడు పాస్‌పోర్టు పుస్తకంలో ముద్ర ఏమీ ఉండదట, వీసా ఫోన్‌లోనే వస్తుందట, విమానం ఎక్కేటప్పుడు అదే తెరిచి చూపించాలట. మావారు ఫోన్ తీసుకుని రెండు వేళ్లతో అక్షరాలు పెద్దవి చేసుకుంటూ, తన పేరు, పాస్‌పోర్టు నంబరు, ఒక్కొక్కటే పైకి చదివారు. నా పేరు కూడా చదివారు. మా వదిన కళ్లు తుడుచుకుంటూ, "పచ్చి చేపలు మాత్రం ముట్టుకోకండి" అంది.

ఎక్కడో ఒక ఆఫీసులో, మమ్మల్ని ఎన్నడూ చూడని మనిషి, తన బల్ల మీద ఎన్ని వందల కాగితాలుంటాయో, అందులో మా ఒక్క రోజు తేడాని పట్టుకున్నాడు. అడిగాడు. చెప్తే నమ్మాడు. ఒక ఇంట్లో రోజు ఎప్పుడు మొదలవుతుందో విని, సరే అన్నాడు. లేక ఆ ఆఫీసరు ఆడమనిషేమో. అదీ తెలియదు.

ఆ సాయంత్రం నూజివీడులో గుడికెళ్లాం. పూజారి గారు పళ్లెం అందుకుని గోత్రనామాలు అడిగారు. మాది చెప్పాను. వదినది చెప్పాను.

"ఇంకొకరు ఉన్నారండీ" అన్నాను.

"చెప్పండమ్మా."

"పేరు తెలియదండి. గోత్రం ఉండదండి. వీసా ఆఫీసరు."

మా వదిన పక్కన కిసుక్కుమంది. పూజారి గారు మాత్రం నవ్వలేదు. "గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రమేనమ్మా, అందరూ అందులోకి వస్తారు" అని, లోపలికి తిరిగి, మా అందరి పేర్ల తర్వాత, గంట మీద చెయ్యి వేసి, తడుముకోకుండా చదివారు: "కాశ్యప గోత్రోద్భవస్య, వీసా అధికారి నామధేయస్య, సహకుటుంబస్య..."

మావారు నవ్వు ఆపుకోలేక కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. హారతి వచ్చేసరికి కండువా తీసి, కుడి కన్ను పెద్దది చేసుకుని, ఆ వెలుగు ఆరిపోయేదాకా చూశారు.