తొమ్మిదో ప్రశ్న

జమీలా ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరంలో ఒక ఆసుపత్రిలో పదకొండేళ్లుగా నర్సు. డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫాం కూడా మార్చకుండా మెడిసిన్ ఎంట్రన్స్ పాత పేపరు ముందేసుకుంటుంది. ఆమెకు సైన్సంటే భయం లేదు. ఇంగ్లిష్ పేరాల దగ్గరే చిక్కు. పెదాలు కదుపుతూ ప్రతి వాక్యం రెండుసార్లు చదువుతుంది, జవాబు తేలందే పేజీ తిప్పదు. పోయిన రెండుసార్లూ అలాగే ఇరవై ప్రశ్నలు చదవకుండానే మిగిలిపోయాయి, సీటు రాలేదు. మూడోసారి పరీక్ష ఈ శనివారమే.

ఆ మధ్యాహ్నం బయట కుండపోత వాన. పదమూడేళ్ల కూతురు యుస్రా ఫోనులో టైం చూస్తోంది. తొమ్మిదో ప్రశ్న దగ్గర జమీలా పెన్సిలు ఆగింది. రెండు నిమిషాలు గడిచాయి, మూడు గడిచాయి. "అమ్మీ, స్కిప్ ఇట్!" అంది యుస్రా. "ఉండవే, జవాబు వచ్చేట్టుంది." "నో! లాస్ట్ ఇయర్ కూడా యూ సెడ్ దట్." జమీలా తలెత్తి కూతుర్ని చూసింది. దవడ బిగించి, ఏదో ఒక జవాబుకు టిక్కు పెట్టి పేజీ తిప్పేసింది. ఆ తర్వాత ఎక్కడా ఆగలేదు. అలారం మోగేసరికి మిగిలినవి నాలుగే. యుస్రా ఎగిరి చప్పట్లు కొట్టింది. జమీలా నవ్వలేదు. ఇంకో పేపరు తీసి, "మళ్లీ టైం పెట్టు" అంది.