గంగామణి నాటిన వావిలి

బీడీలు చుట్టేటప్పుడు తప్ప గంగామణి నోరు మూతపడదని బాన్సువాడలో ఆమె వీధివాళ్లు అనేవారు. అదీ అబద్ధమే, చుట్టేటప్పుడు కూడా మాట్లాడేది. కూతురు రవళి నెల తప్పిందని కార్తీకంలో తెలిసినప్పుడైతే ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు.

ఆ వారమే బీర్కూర్ పోయి, కాలువ గట్టున ఇంకా మిగిలున్న వావిలి పొద నుంచి ఓ ముదురు కొమ్మ కోసుకొచ్చింది. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుంటే కండక్టర్ నవ్వాడు. "అవ్వా, కట్టెకు గూడ టికెట్ తియ్యాలె."

"తీస్త బిడ్డా. నా మనుమని తొట్టెల పండుగకు నువ్వు గూడ రా" అంది.

బాలింతకు వావిలాకు మరిగించిన నీళ్లే పోయాలని ఆమె పట్టుదల. తన కాన్పులో తన తల్లి అట్లాగే పోసింది. నొప్పులన్నీ ఆ నీళ్లతోనే దిగిపోతాయని నమ్మకం. కొమ్మను పెరట్లో స్నానాల బండ పక్కన పాతింది. చిగురేసినప్పుడల్లా గుబురుగా రావాలని కొసలు తుంచేది.

"గట్ల మీద మొలిచే చెట్టుకు గిన్ని సేవలేందే?" అని పక్కింటి సత్తెవ్వ ఎగతాళి చేసేది.

"గట్లు ఏడున్నయక్కా ఇప్పుడు? కాన్పు అయినంక ఆకు కోసం ఊర్లు తిరగాల్నా?"

ఎండాకాలం నల్లా సరిగా రాక మల్లె, మందారం మాడిపోయాయి. వావిలి ఒక్క ఆకూ రాల్చలేదు. ఏడో నెలలో పుట్టింటికొచ్చిన రవళి, మొహం కడిగిన నీళ్లు దాని మొదట్లో పోస్తూ, "నాకంటె దీన్నే మంచిగ చూసుకుంటున్నవ్ కదనే" అని తల్లిని ఉడికించేది.

తొలకరికి ముందే నొప్పులొచ్చాయి. దవాఖానలో బిడ్డ చనిపోయి పుట్టాడు. చూస్తే తట్టుకోలేదని రవళికి చూపించలేదు. గంగామణి ఒక్కతే చూసింది. అల్లుడు తువ్వాలలో చుట్టి తీసుకుపోయాడు.

ఇంటికొచ్చాక రవళి ఏడవలేదు. తినమంటే తినలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. ఎవరికీ అక్కరలేని పాలు వచ్చి రవిక తడుస్తుంటే గంగామణి పొడి రవిక తెచ్చి మార్చేది. ఆ ఇంట్లో మాట వినబడకపోవడం వీధికి కొత్త.

ఓ పొద్దున రవళే నోరు విప్పింది. "ఆ చెట్టు కొట్టెయ్ అమ్మా. నాకు కనవడొద్దు."

గంగామణి కొడవలి పట్టుకుని పోయింది. కానీ మొదలు ముట్టకుండా, కొమ్మలు మాత్రం ఒడినిండా కోసి, నీళ్లకాగు కింద మంట పెట్టింది.

గోడ మీది నుంచి సత్తెవ్వ చూసింది. "పిల్లగాడే లేడాయె. ఇగ బాలెంత తానమెందుకే?"

"పిల్లగాడు లేకుంటే నా బిడ్డ కనలేదా? దాని నడుం నొయ్యదా?" అంటూ గంగామణి మంటలోకి ఇంకో కట్టె తోసింది.

రవళిని చెయ్యి పట్టి లేపింది. బండ మీద కూర్చోబెట్టి నడుం మీద చెంబుతో నీళ్లు పోసింది. వేడి తగలగానే రవళి తలెత్తింది.

"ఎవరి లెక్కున్నడే వాడు?" అంది.

గంగామణి చేతిలో చెంబు ఆగింది.

"నీ లెక్కనే ఉన్నడు బిడ్డా. ముక్కు నీదే. నెత్తి నిండ ఎంటికలు. వేళ్లు మాత్రం వాళ్ల నాయినవి, పొడుగు..."

రవళి తల్లి మోకాళ్లు కరుచుకుని గొల్లుమంది. గంగామణి నీళ్లు పోస్తూ, ఏడుస్తూ, తను చూసిందంతా చెబుతూనే ఉంది. కాగులో నీళ్లు అయిపోయాక కూడా, "ఇంకా చెప్పవే" అంది రవళి.